ఒడి మారిన పిల్లలు – ఇస్లామీయ చరిత్రలోను, కడప సీమలోను పసితనపు అనుబంధం

హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజులవి. అనగా హిజ్రీ 11 నుండి 13 వరకు గల స్వల్పకాలం. మదీనా శివారున ఖుబా మసీదు ఆవరణలో ఒక పసివాడు ఆడుకుంటున్నాడు. వాని పేరు ఆసిమ్. అటుగా వచ్చిన తండ్రి వాని చేయి పట్టి లేవనెత్తి, తన వాహనం మీద ముందు కూర్చుండబెట్టుకున్నారు. ఆ తండ్రి మరెవరో కాదు, హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి). పిల్లవాని తల్లి అన్సార్లకు చెందిన స్త్రీ. ఉమర్ (రజి) ఆమెకు తలాఖ్ ఇచ్చి ఉన్నారు. పిల్లవాని అమ్మమ్మ పరుగున వచ్చి అడ్డుపడింది. బిడ్డ నావాడని ఆయన, నావాడని ఆమె. వివాదం ఖలీఫా ముందుకు వెళ్ళింది. పిల్లవానిని ఆమెకే విడిచిపెట్టుమని అబూబక్ర్ (రజి) తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) మారు పలుకలేదని ఇమామ్ మాలిక్ తమ ‘ముఅత్తా’లో నమోదు చేశారు.

ఈ ఉదంతాన్ని ఫిఖ్హ్ పండితులు హిజానత్, అంటే పసిపిల్లల సంరక్షణ హక్కుకు ఆధారంగా ఎన్నో శతాబ్దాలుగా ఉదహరిస్తూ వచ్చారు. చరిత్ర చదివేవారికి ఇందులో మరొక సంగతి కనిపిస్తుంది. పసిపిల్లలు తమంత తాము చరిత్రకెక్కరు. వారు చరిత్రలోకి ప్రవేశించిన ద్వారాలు రెండు. ఒకటి వ్యాజ్యం, రెండవది ధర్మసందేహం. ఆసిమ్ కొరకు వ్యాజ్యం రాకపోయినట్లయితే, ఖుబా మసీదు ఆవరణలో ఒక పసివాడు ఆడుకుంటూ ఉండేవాడన్న మాట మనదాకా వచ్చేదే కాదు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడయ్యాడు. ఆయన కుమార్తె కడుపున పుట్టినవారే ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ). అమ్మమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లవాని సంతతి అది.

రెండవ ద్వారం, అనగా ధర్మసందేహం, ఇంకా విశాలమైనది. నమాజులో అటూ ఇటూ కదిలితే నమాజు చెడిపోతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన ముహద్దిసులు ఒక దృశ్యాన్ని భద్రపరిచారు. దైవప్రవక్త (సఅసం) తమ కుమార్తె జైనబ్ (రజి) బిడ్డ ఉమామాను ఎత్తుకొని నమాజు చేయించేవారు. సజ్దాకు వంగినప్పుడు ఆమెను క్రింద దింపేవారు, లేచినప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. అబూ ఖతాదా (రజి) చెప్పిన ఈ హదీసు బుఖారీలోను, ముస్లింలోను ఉంది. సజ్దాను అసాధారణంగా పొడిగించవచ్చునా అన్నది మరొక ప్రశ్న. వీపుమీదికెక్కిన మనుమడు తన ఆట ముగించి దిగేదాకా ప్రవక్త (సఅసం) తల ఎత్తలేదన్న నసాయీ ఉల్లేఖనం దానికి సమాధానం. ఖుత్బా మధ్యలో ఇమాము మింబరు దిగవచ్చునా? హసన్, హుసైన్ (రజి) ఎర్రని చొక్కాలు తొడుక్కొని తప్పటడుగులు వేస్తూ, తడబడుతూ వస్తుంటే ప్రవక్త (సఅసం) ప్రసంగం ఆపి, దిగి వచ్చి, వారిని ఎత్తుకొని ముందు కూర్చుండబెట్టుకున్నారు. తప్పటడుగులు, తడబాటు, చొక్కా రంగు! ఇంత చిన్న వివరాలు ఫిఖ్హ్ గ్రంథాల చలువ వల్లనే మనకు దక్కాయి. (వెనుక వరుసలో పసిపిల్ల కిలకిలమన్నందుకు తల్లిదండ్రులను కసరుకునే మన మసీదు పెద్దలు ఈ మూడు హదీసులు వినని వారు కారు. వాటిని వుజూ, నమాజుల మసాయిల్‌గా మాత్రమే విన్నారు.)

వెనుక వరుసలలో బిడ్డ ఏడుపు వినవస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని ప్రవక్త (సఅసం) నమాజును కుదించేవారన్న ఉల్లేఖనం కూడా ఈ కోవలోనిదే. అక్కడ ఊరట కల్పించింది ఒక్క బిడ్డకే కాదు. బిడ్డ ఏడ్చినప్పుడు తల్లికి కలిగే అలజడిని ఒక వాస్తవంగా గుర్తించి, సామూహిక ఆరాధన నిడివినే దానికి తగినట్లు సవరించడం జరిగింది. తనకు పదిమంది పిల్లలున్నా ఒక్కరినీ ముద్దాడలేదని అఖ్రా బిన్ హాబిస్ గర్వంగా చెప్పుకున్నప్పుడు, కనికరం చూపనివానికి కనికరం దొరకదని ప్రవక్త (సఅసం) బదులు చెప్పడం అందరూ ఎరిగినదే.

పాలు విడిపించుట – ఒక సంప్రదింపు

రెండేళ్ళ బిడ్డ జీవితంలో అతిపెద్ద సంఘటన పాలు మానిపించడం. దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరా 233వ ఆయతులో పాలిచ్చే గడువు రెండు పూర్తి సంవత్సరాలుగా పేర్కొని, అంతకుముందే మానిపించదలిస్తే అది తల్లిదండ్రులిరువురి అంగీకారంతో, పరస్పర సంప్రదింపుతో జరగాలని చెప్పింది. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని బాధించరాదని కూడా అందులోనే ఉంది. సంప్రదింపు అన్న మాటను ఖుర్‌ఆన్ సామాజిక వ్యవహారాలకు వాడిన సంగతి మనకు తెలుసు. అదే భావాన్ని ఒక పసిబిడ్డ పాలు మానడానికి కూడా వాడటం గమనార్హం. గర్భధారణ, పాలు మానుట కలిపి ముప్పది మాసాలని అహ్‌ఖాఫ్ సూరా 15వ ఆయతు. పాలిచ్చే గరిష్ఠ కాలం ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో రెండున్నర ఏండ్లు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల దృష్టిలో రెండేండ్లు.

వైద్యులు కూడా ఈ విషయాన్ని విడిచిపెట్టలేదు. ఖైరవాన్‌కు చెందిన ఇబ్నుల్ జజ్జార్ 10వ శతాబ్దిలో పిల్లల పోషణ మీద ప్రత్యేక గ్రంథమే వ్రాశాడు. ఇబ్ను సీనా (మరణం 1037) తన ‘అల్ ఖానూన్’లో పసిబిడ్డకు పాలతోపాటు రెండు విషయాలు అవసరమన్నాడు. ఒకటి మెల్లగా ఊపడం, రెండవది జోలపాట. మొదటిది దేహానికి, రెండవది మనస్సుకు. పాలు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా మానిపించాలని, కాస్త పెరిగిన బిడ్డను తీవ్రమైన కోపానికి, భయానికి, దుఃఖానికి లోను కానీయరాదని అతని సలహా. ఇబ్ను ఖయ్యిమ్ (మరణం 1350) నవజాత శిశువుల విషయమై ‘తుహ్‌ఫతుల్ మౌదూద్’ అనే గ్రంథాన్నే రచించాడు. కఠినంగా పెంచిన పిల్లలలో అబద్ధం, నటన అలవడుతాయని ఇబ్ను ఖల్దూన్ హెచ్చరించాడు. అయితే అతడు మాట్లాడినది ప్రధానంగా చదువుకునే ప్రాయం పిల్లల గురించి.

ఇన్ని గ్రంథాలున్నా, కడప సీమలో పాలు మానిపించే పద్ధతి మాత్రం గ్రంథాల నుండి రాలేదు. రొమ్ముకు వేపాకు ముద్ద పూయడం, బిడ్డను నాలుగు రోజులు అమ్మమ్మ ఊరికి పంపివేయడం, ఇవీ తరతరాల ఉపాయాలు. వేపాకు చేదు ఒక పూటలో పోతుంది. పాలు, తల్లి రెండూ ఒకే రోజున మాయమైనప్పుడు బిడ్డకు కలిగే బెంగ అంత త్వరగా పోదు. క్రమక్రమంగా అన్న ఇబ్ను సీనా మాటకు ఇక్కడే విలువ.

ఒక రాజకుమారుని కథ

ఒడి మారిన పసిపిల్లలలో చరిత్ర అందరికన్నా వివరంగా నమోదు చేసినవాడు అక్బరు. అతడు 1542 అక్టోబరులో ఉమర్‌కోటలో పుట్టాడు. 1543 చివరలో, ఏడాది దాటి రెండు నెలలు కూడా నిండని ప్రాయంలో, తల్లిదండ్రులు అతనిని వదలి ఇరాను దారి పట్టవలసి వచ్చింది. హుమాయూన్ తమ్ముడు అస్కరీ సేన తరుముకొని వస్తున్నది, చలికాలం, కొండదారి. హమీదా బానూ బేగం భర్త వెంట వెళ్ళిపోయింది. పసివాడు అస్కరీ చేతికి చిక్కి కాందహారు చేరాడు. అక్కడ అస్కరీ భార్య సుల్తానమ్ బేగం వానిని వాత్సల్యంతో చూచినట్లు చరిత్రకారులే ఒప్పుకున్నారు. మగవారి వైరం ఆ ఇంటి ఆడవారి ఒడిదాకా పోలేదు. ఆపైన పిల్లవానిని కాబూలుకు తరలించగా, బాబరు సోదరి ఖాన్‌జాదా బేగం ఆదరించింది.

ఇల్లు మారింది, ఊరు మారింది, పోషకులు మారారు. మారనివారు దాదులు. మాహమ్ అనగా, జీజీ అనగా, జీజీ భర్త శంసుద్దీన్ అత్గా ఖాన్ – వీరు బిడ్డను విడువలేదు. 1545 నవంబరులో కాబూలు హుమాయూన్ వశమైంది. ఆ తరువాత హమీదా బానూ కాందహారు నుండి కాబూలు వచ్చింది. తల్లీబిడ్డలు ఒకరినొకరు చూచుకొని రెండేండ్లు దాటిపోయింది. అంతఃపుర స్త్రీల నడుమ ఆమె ఏ ప్రత్యేకతా లేకుండా కూర్చున్నదని, పిల్లవానిని లోనికి తీసుకురాగా తటాలున వెళ్ళి తల్లి ఒడిలోనే వ్రాలాడని అబుల్ ఫజల్ వ్రాశాడు.

ఈ కథను యథాతథంగా నమ్మడం కష్టం. అబుల్ ఫజల్ ఆస్థాన చరిత్రకారుడు. పాదుషా పసితనంలో సైతం దివ్యజ్ఞానం కలవాడని చూపడం అతని ప్రయోజనం. పద్నాలుగు నెలల ప్రాయంలో విడిపోయిన తల్లి ముఖాన్ని బిడ్డ రెండేండ్ల పిమ్మట గుర్తుపట్టడం మానవ సహజం కాదు. అయితే ఆ గుర్తింపు కథలో పడి చాలామంది గమనించని విషయం మరొకటున్నది. తల్లి తిరిగి వచ్చిన తరువాత దాదులను ఎవరూ పంపివేయలేదు. వారు అక్బరు పెద్దవాడయ్యేదాకా, ఆ తరువాత కూడా అతని చుట్టూ ఉన్నారు. మాహమ్ అనగా ప్రాబల్యం రాజ్య వ్యవహారాలదాకా పాకి, 1562లో ఆమె కుమారుడు అధమ్‌ఖాన్ అత్గా ఖాన్‌ను చంపడంతోను, అక్బరు అతనిని మేడపై నుండి త్రోయించడంతోను ముగిసిందన్నది వేరే కథ. జీజీ అనగా చనిపోయినప్పుడు ఆ పాదుషా తల గొరిగించుకొని, ఆమె జనాజాకు భుజం పట్టాడు. ఆమె కుమారుడు అజీజ్ కోకా ఎన్ని అపరాధాలు చేసినా, తమ ఇద్దరి మధ్య పాలనది పారుతున్నదని, దానిని దాటలేనని అక్బరు చెప్పుకునేవాడట.

పాల సంబంధానికి ఇంత బరువు ఊరక రాలేదు. రెండేండ్లలోపు పాలిచ్చిన స్త్రీ షరీఅత్ దృష్టిలో తల్లి. ఆమె పిల్లలు తోబుట్టువులు, వారితో వివాహం నిషిద్ధం. ప్రవక్త (సఅసం) తమ పసితనంలో హలీమా సఅదియా (రజి) పోషణలో ఎడారిలో గడిపారు. హునైన్ యుద్ధానంతరం బందీలలో ఉన్న పాలసోదరి షైమాకు తమ పైవస్త్రం పరచి కూర్చుండబెట్టారు. అప్పటికి అర్ధ శతాబ్దం గడిచిపోయింది! తల్లి ఆమినా అబ్వా వద్ద మరణించాక ఆరేండ్ల బాలుని మక్కాకు చేర్చి, పెంచిన ఉమ్మె ఐమన్ (రజి)ను తల్లి తరువాత తల్లి అని పేర్కొనేవారు. అనేక ఒడులలో పెరిగిన బిడ్డ ఆ ఒడులలో ఏ ఒక్కదానినీ మరువకపోవడం సీరత్ పుటలలో మొదటి నుండి చివరిదాకా కనిపిస్తుంది.

పెన్న ఒడ్డున

కడప సీమకు వస్తే, పైన చెప్పిన రెండు ద్వారాలూ మూసుకుపోయాయి. ఇక్కడి రాజకీయ చరిత్రకు కొదువ లేదు. జమ్మలమడుగుకు కూతవేటు దూరాన ఉన్న గండికోట 1650లో మీర్ జుమ్లా చేతికి చిక్కింది. కోటలోని జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. తరువాత మయానా పఠానుల నవాబుగిరి, 1779లో హైదర్ అలీ ఆక్రమణ. 1792లో శ్రీరంగపట్నం సంధి ప్రకారం కడప, గండికోట నిజాముకు దక్కాయి. అదే సంధిలోని మరొక షరతు కింద టిప్పు సుల్తాను తన ఇద్దరు చిన్న కొడుకులను తాకట్టుగా కారన్‌వాలిస్‌కు అప్పగించాడు. పెద్దవానికి సుమారు ఎనిమిదేండ్లు, చిన్నవానికి ఐదు. వారు 1794దాకా మద్రాసులో ఉన్నారు. ఆంగ్లేయ చిత్రకారులు ఆ అప్పగింతను బొమ్మలుగా గీసి అమ్ముకున్నారు. గండికోట కింది పల్లెలు, ఇద్దరు పిల్లలు ఒకే కాగితం మీద చేతులు మారారన్నమాట. 1800లో ఈ దత్తమండలం కంపెనీ వారి పాలైంది.

ఇంత చరిత్రలో ప్రొద్దుటూరు మగ్గం ముందు గాని, పులివెందుల చేనిగట్టున గాని ఉయ్యాలలో పడుకున్న బిడ్డ గురించి ఒక్క పంక్తి లేదు. దాని గురించి చెప్పవలసింది వృత్తులను బట్టి, ఇంటి వాడుకను బట్టి మాత్రమే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలో నేత ఇంటి పని. పడుగు, పేక, కండెలు చుట్టడం, అన్నీ ఇంటిల్లిపాది చేతుల మీదుగా సాగుతాయి. బిడ్డ కంటికి ఎదురుగానే ఉంటాడు. తల్లి చేతులకు మాత్రం తీరిక ఉండదు. పులివెందుల వైపు మెట్టచేలు, వేరుశనగ. కూలికి పోయిన తల్లి చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, కాస్త పెద్ద పిల్లను కాపలా ఉంచుతుంది. అంటే ఏ పనిలోనైనా బిడ్డకు ఇద్దరు ముగ్గురు పెంపకందారులు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో నానీ, దాదీ, ఖాలా, ఫూఫీ. తెలుగే ఇంటిభాషగా గల దూదేకుల ఇళ్ళలో అవ్వ, జేజి. ఒడి ఒక్కటి కాదు, కాని ఒడులన్నీ ఒకే వాకిట్లో ఉంటాయి.

ఆ వాకిలి చెదిరిన సందర్భాలు లేకపోలేదు. 1876–78 నాటి ధాత కరువు వాటిలో ఘోరమైనది. కడప జిల్లా జనాభా 1871లో సుమారు పదమూడున్నర లక్షలు; 1881 లెక్కలలో పదకొండు లక్షల ఇరవై వేలకు పడిపోయింది. రిచర్డ్ టెంపుల్ కూలి గింజలను రోజుకు ఒక పౌనుకు తగ్గించగా, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ దానిని నిరసించిన వివాదం ప్రసిద్ధం. ఆ వివాదమంతా పనిచేసే పెద్దవారి దేహబలం గురించే. తల్లి చనిపోయి మిగిలిన రెండేళ్ళ బిడ్డ ఎవరి ఒడికి చేరాడన్నది ఆ నివేదికలకు ప్రశ్నే కాదు. దక్షిణదేశంలో చాలాచోట్ల అనాథ పిల్లలు మిషనరీల ఆశ్రయంలోకి వెళ్ళారు. మిగిలినవారు బంధువుల ఇళ్ళలో కలిసిపోయి ఉండాలి. షరీఅత్ దత్తతను వంశం మార్చే క్రియగా అంగీకరించదు. పోషణను మాత్రం మహాపుణ్యంగా ఎంచుతుంది. కనుక అట్టి బిడ్డ తన తండ్రి పేరుతోనే ఉంటూ పిన్నమ్మ ఇంట పెరుగుతాడు. పిన్నమ్మ పాలిచ్చినట్లయితే ఆమె తల్లే అవుతుంది.

లండన్ నుండి ఉగాండా దాకా

పసితనపు అనుబంధం ఒక శాస్త్రంగా రూపొందినది 20వ శతాబ్దిలో. దాని ఆద్యుడు జాన్ బౌల్బీ (1907–1990) లండన్‌లో సంపన్న కుటుంబంలో పుట్టాడు. తల్లిని రోజుకు ఒక గంట మాత్రమే చూచే ఇల్లది. పెంచిన ఆయా అతనికి నాలుగేండ్లు వచ్చే వేళకు పని మాని వెళ్ళిపోయింది. అది తల్లి పోయినంత దుఃఖమని అతడు పెద్దయ్యాక చెప్పుకున్నాడు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అతడిచ్చిన నివేదిక, 1969లో మొదలైన మూడు సంపుటాల రచన ఈ శాస్త్రానికి పునాదులు. సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చలనచిత్రం తీశాడు. రెండేళ్ళ పాపను ఆసుపత్రిలో చేర్చి, తల్లిదండ్రులను కొద్దిసేపు మాత్రమే చూడనిస్తే ఏమౌతుందో అందులో కనిపిస్తుంది. ఆనాటి ఇంగ్లండు ఆసుపత్రుల నియమం అది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన కాంప్‌బెల్ ఆసుపత్రి వంటి మన ఆసుపత్రులలో రోగి వెంట ఇంటివారు దిగి, చెట్టు కింద వండుకొని తినడం మన రివాజు. దానిని అనాగరికమని విసుక్కున్న దొరల దేశమే చివరకు తల్లిని పిల్లల వార్డులో ఉండనిచ్చింది.

తల్లి దూరమైన పసివాని ప్రవర్తనలో వీరు మూడు దశలు గమనించారు. మొదట ఏడుపు, మారాం. తరువాత నిరాశ, మౌనం. చివరిది బయటికి కుదుటపడినట్లు కనిపించే దశ. అప్పుడు బిడ్డ ఆడతాడు, తింటాడు. తల్లి తిరిగి వచ్చినప్పుడు మాత్రం ముఖం తిప్పుకుంటాడు. మేరీ ఐన్స్‌వర్త్ 1954–55లో ఉగాండాలో కంపాలా సమీప పల్లెల్లో 26 కుటుంబాల పసివారిని పరిశీలించింది. తల్లిని ఆధారంగా చేసుకొని చుట్టుప్రక్కల ప్రపంచంలోకి ప్రాకిపోయి, భయం వేస్తే మళ్ళీ ఆమెను చేరుకునే బిడ్డలు అక్కడ కనిపించారు. తల్లి బిడ్డ సంకేతాలను గమనించి సకాలంలో బదులిచ్చిన చోట ఈ నిబ్బరం హెచ్చు. గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ 1964లో ప్రకటించిన పరిశీలనలో పద్దెనిమిది నెలల నాటికి చాలామంది పిల్లలకు ఒకరికి మించి ఆత్మీయులు ఏర్పడినట్లు తేలింది. అంతా తల్లిపైనే మోపిన బౌల్బీ తొలి వాదాన్ని మైకేల్ రట్టర్ 1972లో సవరించాడు. నానీ, దాదీల వాకిలికి ఇందులో ఊరట ఉంది. షరతు ఒక్కటే: ఆ ఆత్మీయులు మాటిమాటికి మారరాదు.

ఖద్దామా వీసా

1973 తరువాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు విస్తరించినప్పటి నుండి కడప జిల్లా నుండి కువైట్‌కు వలస సాగుతున్నది. రాయచోటి, రాజంపేట వైపు దీని తాకిడి ఎక్కువ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకూ ఇది కొత్త కాదు. కేరళ వలసలో మగవారు హెచ్చు. కడప వలసలో ఇండ్లలో పనికి వెళ్ళిన స్త్రీల సంఖ్య చెప్పుకోదగ్గది. ఆ పనికిచ్చే వీసాను జనం ‘ఖద్దామా వీసా’ అంటారు. ఆ వీసాపై వెళ్ళిన స్త్రీ తన బిడ్డను వెంట తీసుకువెళ్ళే వీలు లేదు. ఒప్పందం సాధారణంగా రెండేండ్లు. ఇంటి పనికి వెళ్ళే స్త్రీకి ముప్పది ఏండ్లు నిండాలని భారత ప్రభుత్వం నిబంధన పెట్టింది. తల్లి వయస్సును అడిగే కాగితం ఉన్నది గాని, ఆమె విడిచి వెళ్ళే బిడ్డ వయస్సును అడిగే కాగితం లేదు.

ఇక్కడొక వైపరీత్యం ఉన్నది. ఆ స్త్రీలలో చాలామంది అక్కడ చేసే పని పిల్లల్ని పెంచడం. హలీమా, జీజీ అనగాల వృత్తే అది. తేడా ఏమంటే, జీజీ అనగా కుటుంబమంతా బిడ్డ వెంటనే ఉన్నది. ఆమె కొడుకు అజీజ్ అక్బరుతోపాటే పెరిగాడు. కువైట్‌లోని ఖద్దామా ఇతరుల బిడ్డను నిద్రపుచ్చే వేళకు ఆమె బిడ్డ ఇక్కడ నానీ ప్రక్కలో పడుకొని ఉంటాడు. పేదరికం, కూతురి పెండ్లి, అప్పు, విడిచిపెట్టిన భర్త – ఇందులో ఏదో ఒకటి వెనుక లేకుండా రెండేళ్ళ బిడ్డను వదిలి పోయిన తల్లి అరుదు. పెద్దలు కొందరు ఈ స్త్రీలను సులువుగా నిందిస్తారు. ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇంటిలోనే కూర్చొని నిందించేవారూ ఉన్నారు.

1980లలో గల్ఫ్ వలసదారులు ఉత్తరాలతోపాటు గొంతు నింపిన క్యాసెట్లు పంపుకునేవారు. ఆపైన ఎస్టీడీ బూతులు, నేడు చరవాణిలో ముఖం చూచుకొనే సౌకర్యం. బిడ్డ ఆ ముఖాన్ని గుర్తుపడతాడు, నవ్వుతాడు, తెరను ముద్దు పెట్టుకుంటాడు. ఆ విధంగా అక్బరుకు లేని భాగ్యమే ఇది. అయినా పడిపోయి మోకాలు చెక్కుకున్నప్పుడు వాడు పరుగెత్తేది నానీ దగ్గరికే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక సుమారు 1,70,000 మంది భారతీయులను, ఎక్కువ భాగం అమ్మాన్ మీదుగా, విమానాలలో తీసుకువచ్చారు. ఒప్పందం ముగియకముందే, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఇంటికి చేరిన తల్లులు వారిలో ఉన్నారు. పత్రికలు వారు పోగొట్టుకున్న జీతాల లెక్క వేశాయి.

ఈ ఇళ్ళకు హిజానత్ నియమాలు ఎంత దగ్గరివో ఒకసారి చూడవచ్చు. హనఫీ ఫిఖ్హ్‌లో మగబిడ్డ ఏడేండ్లదాకా, ఆడబిడ్డ యుక్తవయస్సుదాకా తల్లి సంరక్షణలో ఉండాలి. తల్లి లేనిచో తల్లి తల్లి, ఆమె తరువాత తండ్రి తల్లి, పిమ్మట సోదరీమణులు, ఖాలాలు, ఫూఫీలు. హిజ్రీ 7లో హజ్రత్ హమ్జా (రజి) కుమార్తెను ఎవరు పెంచాలన్న దానిపై అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ పోటీపడగా, ప్రవక్త (సఅసం) ఆమెను జాఫర్ ఇంటికి పంపారు. కారణం జాఫర్ కాదు. ఆయన భార్య ఆ బాలికకు ఖాలా కావడం. తల్లి స్థానం ఖాలాదేనని అప్పుడు చెప్పారు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా బిడ్డ శ్రేయస్సును, వ్యక్తిగత ధర్మాన్ని కలిపి చూడమంటుంది. అయితే ఇంట్లో ఒప్పందం కుదిరేది ఏ ఖాజీ సమక్షంలోను కాదు. బిడ్డను ఎక్కడ ఉంచాలన్నది ఎవరి ఇంట్లో జాగా ఉంది, నెలనెలా డబ్బు ఎవరి ఖాతాకు వస్తుంది అన్నదాన్ని బట్టి తేలుతుంది. నానీ ఆరు నెలలు, దాదీ ఆరు నెలలు అని పంచుకునే ఇళ్ళూ ఉన్నాయి. పెద్దలకది న్యాయమైన పంపకం. బిడ్డకు ప్రతి ఆరు నెలలకు ఒక కాందహారు, ఒక కాబూలు. వెంట మాత్రం ఏ జీజీ అనగా ఉండదు.

తల్లి సెలవు మీద వచ్చినప్పుడు జరిగేది అందరూ ఎరిగినదే. రెండేండ్లనాడు వదలిన బిడ్డ ఇప్పుడు నాలుగేళ్ళవాడు. బిస్మిల్లా వేడుక చేయించే ప్రాయం. తల్లి చేతులు చాచుతుంది, వాడు నానీ కొంగు చాటుకు పోతాడు. చుట్టాలు నవ్వుతారు, పిల్లవానిని ముందుకు త్రోస్తారు, అమ్మను మరచిపోయావా అని దెప్పుతారు. రాబర్ట్‌సన్ చెప్పిన మూడవ దశ ఇదేనని వారికి తెలియదు. తల్లికి అంతకన్నా తెలియదు. అభిమానం దెబ్బతిన్న తల్లి రెండు రోజులకు బిడ్డను తన వెంట అత్తవారింటికి తీసుకుపోతుంది, నానీని రావద్దంటుంది. వాడికి అది రెండవసారి ఒడి ఊడిపోవడం. ఖుబా మసీదు దగ్గర పరుగున వచ్చి అడ్డుపడిన ఆ అమ్మమ్మ దీనినే ఎరిగి ఉంటుంది. మరికొన్ని ఇళ్ళలో నానీ అక్కడే ఉంటుంది. తల్లి పిలవకుండా, లాగకుండా, ప్రక్కన కూర్చొని అన్నం కలుపుతూ ఉంటుంది. వాడు మొదట బొమ్మ కోసం వస్తాడు, తరువాత ముద్ద కోసం. మూడవ వారానికో, నాలుగవ వారానికో రాత్రి నిద్రలో వాడి చేయి ఆమె మీద పడుతుంది. సెలవు సాధారణంగా ఒకటి రెండు నెలలే. ఆపాటికి తిరుగు ప్రయాణపు టికెట్టు కొని ఉంటుంది.